ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల ఉమ్మడి: నార్త్ కరోలినా ట్రయాంగిల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో దగ్గరదగ్గరగా ఉన్న నాలుగు విశ్వవిద్యాలయాలు పుస్తకాలను, ప్రయోగశాలలను, తరగతులను ఒకదానితో ఒకటి పంచుకుంటాయి. ఈ అలవాటుకు తొంభై ఏళ్లు దాటాయి. అక్కడికి చదువుకు వెళ్తున్న తెలుగు విద్యార్థులు, కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలో స్థిరపడి పిల్లలను ఆ విశ్వవిద్యాలయాలకు పంపుతున్న తల్లిదండ్రులు, ఇటువంటి ఏర్పాటు మన దగ్గర ఎందుకు లేదని ఆలోచించే అధ్యాపకులు, గ్రంథాలయ సిబ్బంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ట్రయాంగిల్ అంటే ఏ ప్రాంతం? అందులో ఏ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి?

రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ అనే మూడు ఊళ్లను గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది కనుక ఆ ప్రాంతానికి ట్రయాంగిల్ అన్న పేరు స్థిరపడింది. చాపెల్ హిల్‌లో ఉన్నది 1795లో మొదటి విద్యార్థులను చేర్చుకున్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం. రాలీలో ఉన్నది 1887లో వ్యవసాయ, యాంత్రిక విద్యల కోసం స్థాపించిన నార్త్ కరోలినా స్టేట్. డర్హమ్‌లో రెండు ఉన్నాయి. వాటిలో డ్యూక్ ప్రైవేటుది, దానికి ఆ పేరు 1924లో వచ్చింది. రెండవది 1910లో జేమ్స్ షెపర్డ్ నల్లజాతి విద్యార్థుల కోసం ప్రారంభించిన సంస్థ. నేడు దానిని నార్త్ కరోలినా సెంట్రల్ విశ్వవిద్యాలయం అంటారు. డ్యూక్ నుంచి చాపెల్ హిల్‌కు ఇంచుమించు 16 కిలోమీటర్లు, డర్హమ్ నుంచి రాలీకి ఇంచుమించు 40 కిలోమీటర్లు దూరం ఉంటుంది.

ఈ నాలుగింటికీ కలిపి ఒకే కన్సార్టియం (సంస్థల ఉమ్మడి కూటమి), ఒకే కార్యాలయం ఉన్నాయా?

లేవు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. గ్రంథాలయాలకు ఒక ఒప్పందం, అణు భౌతిక ప్రయోగశాలకు మరొకటి, విద్యార్థులు పక్క విశ్వవిద్యాలయంలో కోర్సు తీసుకోవడానికి ఇంకొకటి, ఇలా పనికొక పొత్తు ఉన్నది. ప్రవేశాలు, పట్టాలు, నియామకాలు, పాలకమండలి ఎవరివి వారివే. డ్యూక్ ప్రైవేటు సంస్థ, మిగిలిన మూడూ రాష్ట్ర ప్రభుత్వ వ్యవస్థలోనివి కనుక అన్నింటినీ ఒకే గొడుగు కిందికి తేవడం చట్టరీత్యా కూడా తేలిక కాదు. ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క ఒప్పందం రాసుకోవడం వల్ల, ఒకటి విఫలమైనా తక్కినవి నిలబడ్డాయని నా అభిప్రాయం.

ఈ సహకారం ఎప్పుడు, ఎందుకు మొదలైంది?

1933లో మొదలైంది. అవి మహామాంద్యం రోజులు. జీతాలు కోసి, పుస్తకాల పద్దు తగ్గించి విశ్వవిద్యాలయాలు రోజులు నెట్టుకొస్తున్న కాలంలో చాపెల్ హిల్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫ్రాంక్ పోర్టర్ గ్రాహమ్, డ్యూక్ అధ్యక్షుడు విలియం ప్రెస్టన్ ఫ్యూ కలిసి మేధా సహకారం కోసం ఒక సంయుక్త సంఘాన్ని నియమించారు. ఆ సంఘం చేతికి మొదట అందివచ్చిన పని గ్రంథాలయాలు. చాపెల్ హిల్ గ్రంథాలయాధికారి రాబర్ట్ డౌన్స్, డ్యూక్ గ్రంథాలయాల బాధ్యత చూసిన హార్వీ బ్రాన్స్‌కూంబ్ దానిని కాగితం మీది నుంచి అలమరల దాకా తీసుకొచ్చారు.

చేతిలో డబ్బు పుష్కలంగా ఉన్నప్పుడు ఈ ఆలోచన వచ్చి ఉండేదా అంటే సందేహమే. ఉన్న కొద్ది డబ్బుతో ఇద్దరూ ఒకే పుస్తకాన్ని రెండుసార్లు కొని, మూడవ పుస్తకం ఎవరి దగ్గరా లేకుండా పోవడం వారిని బాధించింది.

గ్రంథాలయాలు పుస్తకాలను పంచుకోవడం అంటే ఆచరణలో ఏమి చేస్తారు?

మూడు పనులు చేస్తారు. అరువు ఇవ్వడం ఒక్కటే అందరికీ కనిపిస్తుంది. నిజానికి అది చివరి పని.

పక్కవారి దగ్గర ఏమున్నదో తెలియడం మొదటిది. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఒక గ్రంథాలయపు రచయితల కేటలాగు కార్డులకు నకళ్లు తీసి రెండవ గ్రంథాలయానికి పంపారు. రాక్‌ఫెల్లర్ కుటుంబపు దాతృత్వంతో నడిచిన జనరల్ ఎడ్యుకేషన్ బోర్డు ఇందుకు సాయం చేసింది. చేతి వెడల్పు అట్టముక్క మీద రచయిత పేరు, గ్రంథం పేరు, ముద్రణ సంవత్సరం టైపు చేసి ఉంటాయి. చాపెల్ హిల్ విద్యార్థి చెక్క సొరుగు లాగి కార్డులు తిప్పితే, తన గ్రంథాలయంలో లేని పుస్తకం 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని అక్కడికక్కడే తెలిసేది. వేల కార్డులకు నకళ్లు తీసి అక్షరక్రమంలో పేర్చడం ఎంత చాకిరో గ్రంథాలయంలో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు. ఈనాడు నాలుగు విశ్వవిద్యాలయాల ఉమ్మడి ఆన్‌లైన్ కేటలాగు ఆ పనిని క్షణంలో చేస్తుంది. ఆ కేటలాగును నడిపేది ట్రయాంగిల్ రీసెర్చ్ లైబ్రరీస్ నెట్‌వర్క్ అనే సంస్థ.

ఎవరు ఏది కొనాలో పంచుకోవడం రెండవది. అసలు కీలకం ఇదే. 1940లో లాటిన్ అమెరికా మీద చేసుకున్న పంపకం ఇందుకు మంచి ఉదాహరణ. అర్జెంటీనా, చిలీ, పరాగ్వే, ఉరుగ్వే, వెనెజువేలా పుస్తకాలు చాపెల్ హిల్ కొంటుంది. బ్రెజిల్, బొలీవియా, కొలంబియా, ఈక్వడార్, పెరూ డ్యూక్ వంతు. మెక్సికో, మధ్య అమెరికా, వెస్టిండీస్ పుస్తకాలను దూరాన న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న టులేన్ విశ్వవిద్యాలయం తీసుకున్నది. దీని అర్థం ఏమిటంటే, బ్రెజిల్ చరిత్ర మీద లోతైన పరిశోధన గ్రంథం వెలువడితే చాపెల్ హిల్ గ్రంథాలయం దానిని కొనకుండా వదిలేస్తుంది. విద్యార్థులు రోజూ చదివే ముఖ్య గ్రంథాలను ఎవరికి వారు కొనుక్కుంటారు. పదేళ్లకొకసారి ఒక పరిశోధకుడు అడిగే పుస్తకం మాత్రం ఎవరో ఒకరి దగ్గర తప్పకుండా ఉండాలన్నది నియమం.

పుస్తకాన్ని చేరవేయడం మూడవది. పాఠకుడు కేటలాగులో అడిగిన పుస్తకాన్ని పక్క విశ్వవిద్యాలయపు సిబ్బంది అలమర నుంచి తీసి, చేరవలసిన చోటు రాసిన చీటీ పెట్టి వ్యానులో పంపుతారు. పాఠకుడు తన గ్రంథాలయపు కౌంటరు దగ్గరే అందుకొని, చదివి, అక్కడే తిరిగి ఇస్తాడు. అందుకు రుసుము ఉండదు.

ఒకరు మాట తప్పితే ఏమవుతుంది?

ఇది సరైన అనుమానం. పొరుగువారు కొంటారన్న భరోసాతో ఒక గ్రంథాలయం కొనడం మానేసిందనుకోండి. ఐదేళ్ల తరువాత వారి పద్దు తగ్గి వారూ మానేస్తే ఆ పుస్తకాలు ప్రాంతంలో ఎక్కడా ఉండవు, తరువాత వెతికినా దొరకవు. అందుకే ఈ పంపకాన్ని స్నేహం మీద వదిలెయ్యకుండా రాతపూర్వకంగా పెట్టుకుంటారు. ఆయా సబ్జెక్టుల పుస్తక ఎంపిక చూసే గ్రంథాలయాధికారులు తరచుగా కలుసుకుంటారు. కొనలేని పరిస్థితి వస్తే ముందుగా చెప్పుకుంటారు. నమ్మకం ముఖ్యమే కానీ, దానికి సమావేశపు మినిట్స్ తోడుంటే మరింత గట్టిగా నిలుస్తుంది.

ఎలక్ట్రానిక్ పత్రికల విషయంలో చిక్కు వేరుగా ఉంటుంది. అచ్చు పుస్తకం కొన్నవారి సొత్తు కనుక పక్కవారికి అరువు ఇవ్వవచ్చు. డిజిటల్ పత్రికకు దొరికేది వాడుకునే లైసెన్సు మాత్రమే. ఆ లైసెన్సులో పక్క విశ్వవిద్యాలయపు విద్యార్థి పేరు లేకపోతే చేతులు కట్టేసినట్టే. అందువల్ల ఉమ్మడిగా బేరమాడటం, పంచుకునే హక్కును ఒప్పందంలోనే రాయించుకోవడం నేటి కన్సార్టియాల ముఖ్యమైన పని అయ్యింది.

మొదట్లో నాలుగు విశ్వవిద్యాలయాలూ సమానంగా ఉన్నాయా?

లేవు. ఈ విషయాన్ని దాటవేయకూడదు. 1933లో డ్యూక్, చాపెల్ హిల్ చేతులు కలిపినప్పుడు డ్యూక్‌కు అతి దగ్గరి పొరుగు అదే ఊరిలో ఉన్న నల్లజాతి కళాశాల, అంటే నేటి నార్త్ కరోలినా సెంట్రల్. డ్యూక్, చాపెల్ హిల్ రెండూ అప్పట్లో నల్లజాతి విద్యార్థులను చేర్చుకోలేదు. చాపెల్ హిల్ న్యాయ కళాశాలలో వారికి ప్రవేశం ఇవ్వకుండా ఉండటం కోసం రాష్ట్రం డర్హమ్‌లోని నల్లజాతి కళాశాలలో వేరే న్యాయ విభాగాన్ని తెరిచింది. ఫ్లాయిడ్ మెకిసిక్ తదితరులు న్యాయస్థానంలో పోరాడి గెలిచాక, 1951లో చాపెల్ హిల్ న్యాయ కళాశాల తలుపులు తెరవక తప్పలేదు. డ్యూక్ తన డిగ్రీ తరగతుల్లో నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్నది 1963లో.

నేడు నార్త్ కరోలినా సెంట్రల్ గ్రంథాలయాల నెట్‌వర్క్‌లో పూర్తి సభ్యురాలు. అయినా, పక్కనే ఉండటానికి, పొరుగువారిగా లెక్కకు రావడానికి మధ్య దూరం ఎంత ఉంటుందో ఈ చరిత్ర చూపుతుంది. కొత్తగా కన్సార్టియం పెట్టాలనుకునేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, తమ జాబితాలో ఎవరి పేరు రాయలేదన్నది.

ఖరీదైన పరికరాలను ఎలా పంచుకుంటారు?

1965లో డ్యూక్ ఆవరణలో ట్రయాంగిల్ యూనివర్సిటీస్ న్యూక్లియర్ లాబొరేటరీ ఏర్పడింది. హెన్రీ న్యూసన్ దాని వ్యవస్థాపకుడు. అణుకణాలను అతివేగంగా పరుగెత్తించే కణత్వరణ యంత్రం ఒక్క భౌతిక శాస్త్ర విభాగం కొని నడపగలిగినది కాదు. మూడు విశ్వవిద్యాలయాల ఆచార్యులు కలిసి అడిగితే కేంద్ర ప్రభుత్వ నిధులు వచ్చాయి. యంత్రం డ్యూక్‌లో ఉన్నా రాలీ నుంచి, చాపెల్ హిల్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థులు వంతులవారీగా అక్కడే పనిచేసి, తమ తమ విశ్వవిద్యాలయాల నుంచి డాక్టరేట్ పొందుతారు. నార్త్ కరోలినా సెంట్రల్ కూడా తరువాత ఇందులో చేరింది.

అదే 1965లో కంప్యూటర్ కోసం కూడా చేతులు కలిపారు. ఐబీఎం సిస్టమ్ 360 మోడల్ 75 అనే పెద్ద యంత్రాన్ని మూడు విశ్వవిద్యాలయాలకూ నడుమ ఉన్న చోట పెట్టి, టెలిఫోను తీగల ద్వారా ఆవరణలకు కలిపారు. చిన్న కంప్యూటర్లు చౌకయ్యాక ఉమ్మడి యంత్రం అవసరం తీరిపోయింది, ఆ కేంద్రాన్ని మూసివేశారు. అవసరం తీరిన పొత్తును గౌరవంగా ముగించడం కూడా వారికి తెలుసు.

ఈ ఇరుగుపొరుగు అలవాటు నుంచే మరొకటి కూడా పుట్టింది. 1979లో డ్యూక్ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ తమ కంప్యూటర్‌కూ చాపెల్ హిల్ కంప్యూటర్‌కూ మధ్య సందేశాలు మార్చుకునే పద్ధతిని ఊహించారు. చాపెల్ హిల్ విద్యార్థి స్టీవ్ బెలోవిన్ దాని మొదటి ప్రోగ్రామ్ రాశాడు. ప్రపంచమంతా వాడిన యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చావేదికల వ్యవస్థకు అదే ఆరంభం.

రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌కు, ఈ విశ్వవిద్యాలయాలకు సంబంధం ఏమిటి?

పొగాకు, బట్టల మిల్లులు, ఫర్నిచర్ మీద బతికిన రాష్ట్రం అది. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు బయటి రాష్ట్రాలకు వెళ్లిపోయేవారు. మూడు విశ్వవిద్యాలయాల నడుమ ఉన్న పైన్ చెట్ల అడవిలో పరిశోధన సంస్థలను రప్పించాలన్న ఆలోచనను గవర్నర్ లూథర్ హాడ్జెస్ భుజాన వేసుకున్నారు. మొదట అది లాభాపేక్షతో భూమి అమ్మే వ్యాపారంగా నడిచింది. బ్యాంకరు ఆర్చీ డేవిస్ దానిని విశ్వవిద్యాలయాల మేలు కోసం పనిచేసే లాభాపేక్ష లేని ఫౌండేషన్‌గా మార్చి విరాళాలు పోగుచేశారు. 1959లో పార్కు ఏర్పడింది. 1965లో ఐబీఎం అక్కడికి వస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు అది సుమారు 7,000 ఎకరాలు. 1975లో విశ్వవిద్యాలయాల ఉమ్మడి సంస్థ కోసం అందులో 120 ఎకరాలు కేటాయించారు. 1978లో తెరిచిన నేషనల్ హ్యుమానిటీస్ సెంటర్ ఆ స్థలంలోనే ఉన్నది.

ఆ పార్కులోని కంపెనీల ఉద్యోగాలే ఎన్నో తెలుగు కుటుంబాలను కేరీ, మోరిస్‌విల్ ఊళ్లకు చేర్చాయి. కేరీలోని శ్రీ వేంకటేశ్వర ఆలయానికి 2022లో 87 అడుగుల గోపురం లేచిందంటే, దాని పునాదులలో ఈ విశ్వవిద్యాలయాల పొత్తుకూ కొంత వాటా ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఒక విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థి మరొక దానిలో కోర్సు తీసుకోవచ్చా? ఫీజు ఎవరికి కట్టాలి?

తీసుకోవచ్చు. దీనిని అంతర్ విశ్వవిద్యాలయ రిజిస్ట్రేషన్ అంటారు. ట్యూషన్ ఫీజు చేరిన చోటే కట్టాలి, క్రెడిట్లు కూడా అక్కడి రికార్డులోకే వస్తాయి. ల్యాబ్ వంటి ప్రత్యేక రుసుములు ఉంటే విడిగా ఉండవచ్చు. ఆ కోర్సు సొంత విశ్వవిద్యాలయంలో దొరకనిదై ఉండాలి, సలహాదారు, డీన్, రెండు వైపుల రిజిస్ట్రార్లు ఒప్పుకోవాలి. సెమిస్టరుకు ఎన్ని కోర్సులన్న పరిమితి విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. రెండు క్యాలెండర్లు సరిపోలవు కనుక తరగతులు మొదలయ్యే తేదీని, పరీక్షల వారాన్ని ముందే పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఈ చిన్న విషయంలో దెబ్బతినే విద్యార్థులు ఎక్కువ. అనుమతి పత్రం మీద సంతకాలు పడటానికి సమయం పడుతుంది కాబట్టి సెమిస్టరు మొదలయ్యాక పరుగెత్తితే పని కాదు.

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థులకు ఇబ్బంది ఉంటుందా?

వీసా విద్యార్థులను చేర్చుకునే గుర్తింపు ఉన్న రెండు సంస్థలలో ఒకేసారి చదవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. రెండు చోట్ల క్రెడిట్లు కలిపి పూర్తికాలపు చదువుకు సరిపోవాలి. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయమే ఐ-20 అనే విద్యార్థి వీసా అర్హత పత్రాన్ని జారీ చేస్తుంది. ఆన్‌లైన్ కోర్సులలో సెమిస్టరుకు ఒకటి, అంటే 3 క్రెడిట్లు మాత్రమే పూర్తికాలపు లెక్కలోకి వస్తాయి కనుక పక్క విశ్వవిద్యాలయపు కోర్సు తరగతి గదిలో జరిగేదో, ఆన్‌లైన్‌లో జరిగేదో కనుక్కోవాలి. పేరు నమోదు చేసుకోకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఒక ఈమెయిల్ రాసి, వారి జవాబును దాచుకోండి.

రెండు విశ్వవిద్యాలయాలు కలిసి పట్టా ఇస్తాయా?

కొన్ని చోట్ల ఇస్తాయి. చాపెల్ హిల్‌లో వైద్య కళాశాల ఉంది, ఇంజనీరింగ్ కళాశాల లేదు. రాలీలో ఇంజనీరింగ్ ఉంది, వైద్య కళాశాల లేదు. 2003లో ఆ రెండూ కలిసి బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉమ్మడి విభాగాన్ని పెట్టాయి. జర్మన్ అధ్యయనాలలో డ్యూక్, చాపెల్ హిల్ ఉమ్మడి డాక్టరేట్ నడుపుతున్నాయి. ఏ విశ్వవిద్యాలయానికైనా చిన్న విభాగాన్ని ఒంటరిగా నిలబెట్టడం కష్టమవుతున్న ఈ రోజుల్లో, ఈ ఉమ్మడి డాక్టరేట్ దారి గమనించదగినది.

బాస్కెట్‌బాల్‌లో అంత పోటీ ఉన్న డ్యూక్, చాపెల్ హిల్ ఎలా కలిసి పనిచేస్తున్నాయి?

ఆ రెండు జట్ల పోటీ 1920 నుంచి ఉన్నది. ఆట రోజున రెండు ఊళ్లూ రెండు రంగులుగా చీలిపోతాయి. గ్రంథాలయ వ్యాను ఆ రోజు కూడా తిరుగుతుంది. 2000లో జూలియన్ రాబర్ట్‌సన్ దంపతులు 2.4 కోట్ల డాలర్లు ఇచ్చి స్థాపించిన స్కాలర్‌షిప్‌లో, విద్యార్థి ఒక సెమిస్టరు రెండో ఆవరణలో నివసించి చదవాలన్న నియమం పెట్టారు. రెండింటి మధ్య విద్యార్థుల కోసం ఉచిత బస్సు కూడా ఆ విరాళంతోనే నడిచింది. బస్సు లేని ఒప్పందం కాగితం మీదే ఉండిపోతుందని గుర్తించి, దాత ప్రయాణానికి కూడా డబ్బు పెట్టడం నాకు ఎంతో నచ్చిన విషయం.

తెలుగు రాష్ట్రాలలో ఇటువంటిది ఎందుకు లేదు?

కొంత ఉన్నది. పత్రికల చందా విషయంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే జాతీయ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా దేశవ్యాప్త ఏర్పాటు నడుస్తున్నది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఒకే దేశం, ఒకే చందా పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. కర్నూలులో ప్రభుత్వ కళాశాలలను కలిపి క్లస్టర్ యూనివర్సిటీ పెట్టారు. అయితే అది విలీనం. ఎవరి ఉనికి వారు నిలుపుకుంటూ పంచుకునే పద్ధతి వేరు.

లోటు ఉన్నది ఇరుగుపొరుగు స్థాయిలో. తార్నాక వైపు ఉస్మానియా, ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆనుకొని ఉన్నాయి. గచ్చిబౌలి వైపు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక్కొక్క వైపు ఉన్నవాటి మధ్య డర్హమ్, చాపెల్ హిల్ మధ్య ఉన్నంత దూరం కూడా లేదు. నేను ఒకసారి పక్క విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో ఒక పాత సిద్ధాంత గ్రంథం చూడటానికి విభాగాధిపతి ఉత్తరం పట్టుకెళ్లాను. గ్రంథాలయాధికారి పేరున కాకుండా రిజిస్ట్రార్ పేరున ఉండాలన్నారు. రెండవ ఉత్తరం తెచ్చేసరికి ఆ సెక్షన్ చూసే ఆయన సెలవులో ఉన్నారు. మూడవసారి పుస్తకం చేతికి వచ్చింది, అరగంట చదువుకున్నాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు, ఎవరినీ తప్పుపట్టలేను. వారి చేతిలో ఒక ఒప్పంద పత్రం లేదు, అంతే. మొదటి అడుగుగా రెండు గ్రంథాలయాలు పరస్పర ప్రవేశ కార్డుల మీద ఒక పేజీ ఒప్పందం రాసుకుంటే చాలు. ఒక్క సబ్జెక్టులో కొనుగోలు పంపకం ఆ తరువాత చూసుకోవచ్చు.

ట్రయాంగిల్ గ్రంథాలయాలలో తెలుగు పుస్తకాలను ఎలా వెతకాలి?

అమెరికా కేటలాగులలో తెలుగు గ్రంథాల పేర్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో రోమన్ లిపిలో నమోదవుతాయి. మనం ఫోనులో టైపు చేసే తీరుకూ దానికీ తేడా ఉన్నది. ఆ పద్ధతిలో 'చ'కు 'సి' అక్షరం ఒక్కటే రాస్తారు, 'సి' పక్కన 'హెచ్' చేరిస్తే అది 'ఛ' అవుతుంది. కనుక 'చరిత్ర' అన్న మాటను 'సిహెచ్'తో మొదలుపెట్టి వెతికితే పుస్తకం ఉన్నా కనబడకపోవచ్చు. 'శ', 'ష' రెండింటికీ గుర్తులు వదిలేసి ఉత్త 'ఎస్' టైపు చేయండి. నాలుగు విశ్వవిద్యాలయాలలో ఎక్కడా దొరకకపోతే అంతర్ గ్రంథాలయ అరువు కింద అభ్యర్థన పెట్టండి. తెలుగు గ్రంథాలు సేకరించిన షికాగో, విస్కాన్సిన్ వంటి విశ్వవిద్యాలయాల నుంచి తెప్పించే ప్రయత్నం మీ గ్రంథాలయమే చేస్తుంది.